గరికని పండించే చోటికి

దుగ్గిరాలలో గరికకి గౌరవం దక్కేది ఏడాదికి ఒక్కరోజే, వినాయక చవితినాడు. ఆ పొద్దున పిల్లలు కాలవగట్టు మీదకి పోయి గుప్పెళ్లతో తెచ్చి పీట దగ్గర పెడతారు. తెల్లారితే అది మళ్లీ కలుపే. పసుపు చేలో గరిక పడితే వదిలించుకోవడం ఎంత పనో మావైపు ఏ రైతునడిగినా చెబుతాడు. పసుపు తొమ్మిది నెలల పైరు. మృగశిర వానలకి విత్తనం పెడితే తవ్వేసరికి సంక్రాంతి దాటుతుంది. మొదట్లో మొక్క నింపాదిగా లేస్తుంది, ఆ సందు చూసుకుని గరికా తుంగా దూసుకొస్తాయి. గరిక కణుపు కణుపుకీ వేరు వేస్తుంది. పీకి గట్టున పడేస్తే చచ్చినట్టే పడుండి, ఒక్క జల్లు పడగానే పచ్చబడుతుంది. అందుకే కలుపు తీసే ఆడవాళ్లు దాన్ని చేలో వదలరు, మూటగట్టి తెచ్చి డొంకలో పోస్తారు.

అలాంటి గరికకి నీళ్లు పెట్టి, ఎరువు వేసి, తెగులు మందు కొట్టి, రోజూ కోసి, కోసిందాన్ని పారబోసే వ్యవసాయం ఒకటి ఉంది. గోల్ఫ్ మైదానం పని అదే. ఆ ఆట మీద నాకు ఆసక్తి లేదు, చూసొచ్చాక కూడా రాలేదు. ఆ సాగు మీద మాత్రం కుతూహలం పుట్టి విశాఖపట్నం బయల్దేరాను.

అప్పుడు ఊరంతా ఉడుకుతున్న పసుపు వాసన. ఒకప్పుడు పెద్ద ఇనప బానల్లో వేసి కింద మంట పెట్టేవాళ్లు, ఇప్పుడు చేల దగ్గరికే ఆవిరి బాయిలర్లు వస్తున్నాయి. ఉడికిన కొమ్ముని పట్టాల మీద ఎండబోసి, డ్రమ్ములో తిప్పి మెరుగుపెట్టి యార్డుకి తోలతారు. యార్డులో కొమ్ము వేరు, కాయ వేరు. రెండిటికీ ధర వేరే. దుగ్గిరాల పేరు బయటివాళ్లకి తెలిసేది ఈ యార్డు వల్లే.

మాకు మాత్రం ఊరంటే లాకులు కూడా. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక పడమటి డెల్టాకి తవ్విన ప్రధాన కాలువ ఇక్కడికొచ్చి పాయలవుతుంది. నిజాంపట్నం కాలువ, కొమ్మమూరు కాలువ ఇక్కణ్ణుంచే కిందకి పోతాయి. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. పూడిక తీసినా, గట్టు పోసినా, లాకు తలుపులు బాగుచేసినా ఆ రోజుల్లోనే. కానీ డెల్టాలో నీళ్లు రావడం అంత కష్టం కాదు, పోవడమే కష్టం. తెనాలి నుంచి రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాకా రైతుల గొడవలు వింటే సగం మురుగు కాలవల గురించే ఉంటాయి. తుపాను వచ్చి వరిచేలు నాలుగు రోజులు మునిగితే, ముందు నల్లమడ మురుగు కాలవ లాగుతోందా లేదా అనే అడుగుతారు. ఆ అలవాటు నాకూ ఉంది. ఏ నేలని చూసినా, ఇక్కడ పడిన వాన ఎటు పోతుందని వెతుక్కుంటాను. గోల్ఫ్ మైదానం చూడటానికి అంతకంటే మంచి అర్హత అక్కర్లేదని తర్వాత తెలిసింది.

పాసింజరులో బెజవాడ, అక్కడ బండి మారి రాజమండ్రి. కడియం దగ్గర ఆగకుండా ముందుకి పోతే గడ్డి యాత్రకి అర్థం లేదు. కడియపులంకలో జాతీయ రహదారికి అటూ ఇటూ నర్సరీలే. దేశంలో ఎక్కడెక్కడి అపార్ట్‌మెంట్ల ముందో పెరగాల్సిన మొక్కలన్నీ ఇక్కడ సంచుల్లో నిలబడి లారీ కోసం చూస్తుంటాయి. వాటి వెనకాల లాను గడ్డి మళ్లు. కొరియన్ అన్నారు, మెక్సికన్ అన్నారు, సెలక్షన్ వన్ అన్నారు. ఆ చివరిది వంగి చూస్తే మా చేలో గరికే, ఆకు కాస్త సన్నం. గోదావరి ఒండ్రులో పెంచి, మట్టితో సహా పలకలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పేర్చి పంపిస్తారు.

"గోల్ఫ్ మైదానాలకీ మీ పలకలే వెళ్తాయాండీ?" అనడిగాను.

"ఆటస్థలం చుట్టుపక్కలకైతే వెళ్తాయండి. గ్రీనుకి మాత్రం పనికిరావండీ," అన్నాడు నర్సరీ ఆయన. "దీని అడుగున ఉన్నది బంకమన్ను కదండీ. అక్కడ వాళ్లు ఇసక పోసుకుంటారు. ఇసక మీద బంకమన్ను పరిస్తే నీళ్లు దిగుతాయాండీ? మట్టంతా కడిగేసి ఉత్త తీగలు పంపాలి, అవి తుంచి నాటుకుంటారు."

గ్రీను అంటే బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే నున్నటి జాగా. మైదానం మొత్తంలో దాని విస్తీర్ణం చాలా తక్కువ, ఖర్చులో, చాకిరీలో, తిట్లలో మాత్రం దానిదే పెద్ద వాటా. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో దాని నిర్మాణానికి ఒక పద్ధతి ప్రకటించింది. అడుగున గొట్టాలు, వాటి మీద సుమారు 10 సెంటీమీటర్ల కంకర, ఆపైన 30 సెంటీమీటర్ల ఇసక. ఆ ఇసకలో గడ్డి. ప్రపంచమంతా ఇప్పటికీ దాన్నో, దాన్ని కాస్త అటూ ఇటూ మార్చిందాన్నో పాటిస్తోంది. అంటే పైకి కనపడే పచ్చదనమంతా ఒక మురుగు కాలవ మీద కూర్చుంది. ఆ మాట విన్నాక విశాఖ వెళ్లే బండిలో నాకు పరాయిచోటికి పోతున్నట్టు అనిపించలేదు.

విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ముడసర్లోవ వైపు ఉంటుంది. క్లబ్బు పుట్టింది 1884లో, తెల్లదొరల హయాంలో. కలకత్తాలో 1829లోనే ఈ ఆటకి క్లబ్బు పెట్టారు, బ్రిటిష్ దీవుల బయట అదే మొదటిదని చెబుతారు. ఓడలు ఆగిన ప్రతి రేవులోనూ దొరలకి ఒక చర్చి, ఒక శ్మశానం, ఒక గోల్ఫ్ మైదానం కావాల్సొచ్చినట్టుంది. విశాఖ మైదానానికి ఒకవైపు కొండలు, మెరక మీద నిలబడితే దూరంగా సముద్రం. నేల ఎర్రమట్టి, ఎగుడుదిగుడు. నల్లరేగడి చదునులో పుట్టిన నాకు ముందు ఆ వాలు మీదే కన్ను పడింది. ఇక్కడ వాన దానంతటదే పోతుంది. అయితే పోతూ పోతూ మట్టిని కూడా తీసుకుపోతుంది. కొండవాటు నేలకి అది వేరే తలనొప్పి.

పొద్దున్నే మంచు ఇంకా ఆరలేదు. ఒక పెద్దాయన పొడుగాటి వెదురుగెడ పట్టుకుని గ్రీను మీద అటూ ఇటూ ఆడిస్తున్నాడు. గెడ కొస తగిలినమేర తెల్లటి మంచు రాలి గడ్డి ముదురు ఆకుపచ్చకి తిరుగుతోంది. మంచు ఆకు మీద ఎక్కువసేపు నిలిస్తే బూజు తెగులు పడుతుంది, అందుకని ముందు దాన్ని దులిపి తర్వాత కోత.

"ఏటి బాబూ, గెడ్డి సూడ్డానికొచ్చారా?" అన్నాడు. అవునన్నాను. ఎక్కణ్ణుంచి అన్నాడు. దుగ్గిరాల అంటే పసుపా అన్నాడు. ఇక మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేకపోయింది.

గ్రీను మీది గడ్డి ఎత్తు మూడు నాలుగు మిల్లీమీటర్లు. అంత పొట్టిగా ఏ మొక్కనైనా రోజూ కోస్తే చచ్చిపోవాలి. ఇది చావదు, ఎందుకంటే దీన్ని అందుకోసమే ఎంచారు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ అనే ఊళ్లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త మామూలు గరికకీ, దక్షిణాఫ్రికాలో పెరిగే దాని సన్నాకు చుట్టానికీ పుట్టిన సంకరాలమీద చాలాకాలం పనిచేశాడు. 1956లో టిఫ్‌గ్రీన్ వచ్చింది. దాన్ని నాటిన గ్రీనుల్లో అక్కడక్కడ తనంతట తానే పొట్టిగా మారిన పిలకలు కనపడితే, వాటిని వేరుచేసి 1965లో టిఫ్‌డ్వార్ఫ్ పేరుతో విడుదల చేశారు. మన దేశంలో చాలా మైదానాల గ్రీనులు ఆ రకంవో, దాని సంతతివో.

ఈ సంకర గరికకి విత్తనం కట్టదు. మూడు సెట్ల క్రోమోజోముల మొక్క, గొడ్డుది. తీగ తుంచి నాటాల్సిందే. అది విన్నప్పుడు నేను పెద్దాయన వంక చూసి నవ్వాను. మా పసుపూ అంతే. అదీ మూడు సెట్ల మొక్కే, పువ్వు పూస్తుంది కానీ విత్తు కట్టదు. అందుకే కిందటేటి పంటలోంచి విత్తనపు దుంపని పక్కకి తీసి, నీడలో దాచి, మళ్లీ మృగశిరకి పెట్టుకుంటాం. వందల ఏళ్లుగా దుగ్గిరాల నేలలో ఉన్నది నిజానికి చావులేని ఒకే మొక్క ముక్కలు. ఈ గ్రీనులూ అంతే, అమెరికాలో దొరికిన ఒక పిలక ఇక్కడ సముద్రపు గాలికి తల ఊపుతోంది. పసుపు చేలోంచి మేం పీకి డొంకలో పోసే కలుపుకి, ఆ పసుపుతో ఇంత దగ్గరి పోలిక ఉన్న బంధువు ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

కానీ ఒకే మొక్క అయితే ఒక చిక్కుంది. పదిహేను ఇరవయ్యేళ్లు గడిచేసరికి గ్రీనులో అక్కడక్కడ వేరే రంగు మచ్చలు తేలతాయి. కొన్ని ఆ మొక్కే మళ్లీ మారి పుట్టినవి, కొన్ని పక్కనున్న పచ్చిక నుంచి పాకి వచ్చిన నాటు గరిక. ఆకు వెడల్పు మారితే బంతి దారి మారుతుంది. కోసినా కోసినా అడుగున పేరుకున్న చచ్చిన కాడల పొర మందమై నీళ్లు దిగనివ్వదు. అప్పుడు గ్రీనునంతా చెక్కేసి, పైమట్టి తీసేసి, కొత్త ఇసక పోసి, కొత్త తీగ నాటడం తప్ప దారి లేదు. పునరుద్ధరణ అంటే అక్కడ ఈ పనే. అప్పటిదాకా పనికొచ్చే కొత్త తీగని ఒక మూల నారుమడిలో పెంచుకుంటూ ఉంటారు. వరి రైతుకి విడిగా చెప్పనక్కర్లేని సంగతి.

ఒకప్పుడు ఇదంతా లేదు. మన దేశంలో చాలా మైదానాల్లో గ్రీనుల బదులు బ్రౌనులుండేవి. ఇసకలో నూనె కలిపి చదును చేసి, ఒక్కొక్కరు ఆడగానే పనివాడు మళ్లీ లాగి సరిచేసేవాడు. నీళ్లులేని దేశానికి అది తెలివైన ఏర్పాటని నా అభిప్రాయం. దాన్ని వదిలించుకున్నందుకు ఆటగాళ్లు సంతోషించి ఉంటారు, బావులు సంతోషించి ఉండవు.

ఏడాది పొడుగునా ఏ కార్తెలో ఏం చేస్తారని అడిగాను. పెద్దాయన చెప్పిన లెక్క మా వ్యవసాయానికి తలకిందులు. మాకు రోహిణి కార్తె అంటే నేల బీటలు, చేతులు కట్టుకుని కూర్చునే రోజులు. గరికకి మాత్రం ఆ ఎండే ప్రాణం. అది వేడిదేశపు గడ్డి, మంట పుట్టించే వేసవిలో దాని ఊపు చూడాలి. అందుకని కష్టమైన పనులన్నీ అప్పుడే పెట్టుకుంటారు. గొట్టపు మేకులున్న యంత్రంతో గ్రీనునంతా పొడుస్తారు. వేలెడు లోతున మట్టి ముక్కలు ముక్కలుగా పైకొస్తుంది. వాటిని ఊడ్చేసి, ఆ బొక్కల్లో ఇసక నింపి, పైన పల్చగా ఇసక చల్లి ఈడుస్తారు. వేళ్లకి గాలి, నీళ్లకి దారి. చూడటానికి మాత్రం ఘోరంగా ఉంటుందట. ఆటగాళ్లు వచ్చి తిట్టి పోతారు. వారం పది రోజుల్లో గరిక ఆ గాయాలన్నీ కప్పేస్తుంది.

ఇసక చల్లడం కొత్త విద్యేం కాదు. స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్ మైదానాన్ని 1864 నుంచి దాదాపు నలభయ్యేళ్లు చూసుకున్న టామ్ మారిస్ దాన్ని నమ్ముకున్నాడు. ఆ మైదానంలో ఇంకో మంచి ఆచారం ఉంది. ఓల్డ్ కోర్సులో ఆదివారాలు మామూలుగా ఆట ఉండదు, నేలకి సెలవు. మా కాలవలకి ఎండాకాలం సెలవిచ్చినట్టు. మన క్లబ్బుల్లో ఆదివారమే జనం ఎక్కువ కాబట్టి ఆ సెలవు సోమవారానికి జరపాల్సిందే.

వానాకాలం గరికకి మంచిదనుకుంటాం, కాదు. మబ్బు పట్టి వారాల తరబడి ఎండ తగలకపోతే నీరసపడుతుంది. అప్పుడు కోత ఎత్తు కాస్త పెంచాలి. నేల తడిగా ఉంటే యంత్రం దించకూడదు, చక్రం గాడి పడితే నెలలు పడుతుంది సర్దుకోవడానికి. తెగుళ్లు కూడా అప్పుడే. ఇక తుంగ.

తుంగ మాట ఎత్తగానే కాస్త దూరంలో గొంతుక్కూర్చుని ఉన్న ఆడవాళ్లు తలెత్తారు. వరసగా కదులుతూ సన్నటి చాకులతో గ్రీను అంచున కలుపు తీస్తున్నారు. మా ఊళ్లో గరిక పీకి డొంకలో పోస్తారని చెప్పాను. ఒకామె చాకు చూపించి, "ఇక్కడ గెరిక మీద సెయ్యేస్తే మా పని పోద్ది బాబూ," అంది. మిగతావాళ్లు నవ్వారు. తుంగ దగ్గర మాత్రం రెండు ఊళ్లూ ఒక్కటే. పైన లాగితే కింద గడ్డ ఉండిపోతుంది, ఆ గడ్డకి రెండు పిలకలు లేస్తాయి. మందులున్నాయి, వాటితో కూడా ఒక్కసారికి పోదు. అన్ని యంత్రాలు వచ్చినా కలుపు దగ్గర మట్టుకు ఆడవాళ్ల నడుములే దిక్కు, దుగ్గిరాలలోనైనా విశాఖలోనైనా. ఆటగాళ్ల జట్టు ఒకటి దగ్గరకొస్తే వాళ్లు లేచి పక్కకి జరిగి, బంతి దాటిపోయాక మళ్లీ కూర్చున్నారు. వాళ్లకేసి ఎవరూ చూడలేదు.

చలికాలం గడ్డి ఎదుగుదల మందగిస్తుంది, జనం రద్దీ పెరుగుతుంది. ఢిల్లీ వైపైతే గరిక ఎండి పసుపుపచ్చగా మారుతుంది, దాని మీద రై గడ్డి గింజలు చల్లి పచ్చదనం తెచ్చుకుంటారు. విశాఖలో అంత చలి లేదు. తొక్కిడి అరగతీయకుండా గుంట చోటు మార్చడం ముఖ్యమైన పని. 108 మిల్లీమీటర్ల అడ్డకొలత ఉన్న గుంటని ఇవాళ ఇక్కడ తవ్వి, నిన్నటి గుంటలో ఆ మట్టిముద్దే గడ్డితో సహా పెట్టేస్తారు. అతుకు ఎక్కడుందో నాకు కనపడలేదు. గ్రీను ఎంత నున్నగా ఉందో కొలవడానికి కూడా ఒక కర్ర ఉంది, ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెరికా ఆయన 1935లో తయారుచేశాడు. వాలుగా ఎత్తితే బంతి జారి ఎన్ని అడుగులు దొర్లిందో లెక్క. ఆ అంకె పెరగాలని ఆటగాడు కోరుకుంటాడు, గడ్డి బతకాలని పనివాడు కోరుకుంటాడు. ఈ రెండూ ఎప్పుడూ ఒకటి కాదు.

ఇక చిత్త, స్వాతి కార్తెలు. ఆ భయం తీరంలో అందరికీ ఉన్నదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకి సుమారు 180 కిలోమీటర్ల గాలులతో విశాఖ మీదే తీరం దాటింది. నగరం పచ్చదనం ఒక్క మధ్యాహ్నంలో పోయింది. నిలబడ్డ చెట్లు కూడా ఉప్పుగాలికి మాడి ఎర్రగా మిగిలాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఈ మైదానమూ దాన్ని తప్పించుకోలేదు. అలాంటప్పుడు తొందర దేనికంటే, పడ్డ చెట్టు కింద గడ్డికి. వెలుతురు లేక అది కుళ్లకముందే కొమ్మలు నరికి లాగేయాలి. తర్వాత మంచినీళ్లతో ఉప్పు కడగాలి, పంపులు తిరగాలంటే కరెంటు కావాలి. గరికకి ఉప్పుని ఓర్చుకునే గుణం ఉంది, అది కొంత అదృష్టం.

"సెట్టు పడ్డకాడ ఎండ బాగా తగిలి గెడ్డి బాగా లేసింది బాబూ," అన్నాడు పెద్దాయన. "అలగని సంతోసిస్తామేటి?"

గరికకి నీడ పడదు, వేళ్ల పోటీ పడదు. మనిషికి చెట్టు కావాలి. తుపాను తర్వాత మళ్లీ నాటేటప్పుడు ఏ చెట్టు, ఎంత దూరంలో అన్నది అందుకే పెద్ద చర్చ. తొందరగా ఎదిగి గొడుగు పట్టే చెట్లే గాలికి ముందు కూలతాయి. వేప, కానుగ నెమ్మది, కానీ నిలబడతాయి.

పోయినదాన్ని తిరిగి తేవాలంటే ఏ కాలం నాటి దాన్ని తేవాలన్న తగువు మన గోల్ఫ్‌కి ఇంకోచోట కూడా ఉంది. హైదరాబాదులో గోల్కొండ నయా ఖిలా లోపల గోల్ఫ్ మైదానం ఉంది. మొఘలుల దాడి తర్వాత అబ్దుల్లా కుతుబ్‌షా పెంచి కట్టించిన కోట భాగమది, వందల ఏళ్ల బావోబాబ్ చెట్టు ఉన్నదీ అక్కడే. పురావస్తు శాఖ అక్కడ తవ్వితే కుతుబ్‌షాహీల తోట నీటికాలవలు బయటపడ్డాయి. గడ్డి కింద ఇంకో తోట. ఆ విషయంలో నేను తోట పక్షం. గడ్డిని ఎక్కడైనా నాటుకోవచ్చు, ఆ కాలవల్ని ఇంకోచోట తవ్వలేం.

నీళ్ల సంగతి కూడా ఒప్పుకోవాలి. గ్రీనులు వేసవిలో రోజూ తాగుతాయి, ఎండకి ముందే, తెల్లవారుజామున. ముడసర్లోవ జలాశయం దగ్గర్లోనే ఉంది, దాని మీద నగరపాలక సంస్థ 2 మెగావాట్ల సౌర ఫలకాలు తేల్చింది. వేసవిలో విశాఖ తాగునీటికి కటకటలాడటం కొత్త కాదు. చాలా నగరాల్లో గోల్ఫ్ గడ్డికి శుద్ధిచేసిన మురుగునీరే పెడుతున్నారు. గరిక అభ్యంతరం చెప్పదు, పైగా ఆ నీళ్లలో నత్రజని ఉంటుంది. ఇంకో మాటెందుకు, ఈ ఆట ఈ దేశంలో సాగాలంటే అదొక్కటే మర్యాదైన దారి.

ఎండ పైకొచ్చింది. కోత యంత్రం ఒక చాలు వెలుగు, ఒక చాలు నీడ గీస్తూ తిరిగొచ్చింది. దాని బుట్టలో పడ్డ గడ్డి తుక్కుని చేత్తో తీసి చూశాను. తడిగా ఉంది, అందులో ఇసక రేణువులు. దీన్నేం చేస్తారంటే పెంటలో వేస్తామన్నాడు. పశువులకి పెట్టకూడదు, మందులు కొట్టిన గడ్డి.

వెళ్లొస్తానన్నాను. పెద్దాయన గెడ భుజాన వేసుకుని, "మళ్లీ మే నెలలో రండి బాబూ," అన్నాడు. "ఇప్పుడేటుంది, బాగుంది కదా. ఇదంతా పొడిసేసి ఇసక పోసి ఉంటాది, అప్పుడు సూడాల."